నరాలకని చెప్పాం

నాకు చదువు రాదు. సంతకం వరకు నేర్చుకున్నాను, ఇప్పుడు చెయ్యి వణికి అది కూడా పోయింది. అందుకని నేను నోటితో చెబుతుంటే రాసేవాళ్ళు రాస్తున్నారు. చెప్పడానికీ ఓపిక తక్కువే. కాస్త చెప్పి పడుకుంటాను, లేచి మళ్ళీ కాస్త చెబుతాను.

మా ఊరు శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున. మా ఊళ్ళో పిచ్చి అనే జబ్బు ఎవరికీ లేదు. అందరికీ నరాలే. ఒకామె బోరింగు దగ్గర కూర్చుని రోజంతా తనలో తాను మాట్లాడుకునేది, ఆమెకి నరాలు. ఒకాయన పొలం మానేసి, మంచం దిగకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు, ఆయనకీ నరాలే. నాకు అమ్మాయి పుట్టిన కొన్నాళ్ళకి వచ్చాయి నరాలు.

మొదట ముసురులా పట్టింది. ముసురు తెలుసు కదా, గట్టిగా వాన పడదు, తెరిపీ ఇవ్వదు. పిల్ల ఏడుస్తుంటే వినబడేది. లేవాలని తెలిసేది. లేవలేకపోయేదాన్ని. మా అత్త పిల్లని ఎత్తుకొచ్చి నా పక్కలో పడేసి, పాలు కుడిపించి మళ్ళీ తీసుకుపోయేది. నా ఒంటి మీద ఎవరిదో పని జరుగుతున్నట్టు ఉండేది. కొన్ని నెలలకి అది దానంతట అదే పోయి హుషారు వచ్చింది. అప్పుడు నిద్రే అక్కర్లేదు. ఇల్లు అలికి, అలికిందే మళ్ళీ అలికి, పక్కింటివాళ్ళ అరుగు కూడా అలికేశాను. పెట్టెలో ఉన్న చీరలన్నీ కోతలకి వచ్చిన ఆడవాళ్ళకి పంచేశాను. దారిన పోయే ప్రతివాళ్ళనీ భోజనానికి పిలిచేదాన్ని.

మా ఆయన నన్ను శ్రీకాకుళం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు. మనసు ఒకసారి కిందకి, ఒకసారి పైకి పోయే జబ్బు ఇది, బీపీకి వేసుకున్నట్టు రోజూ మాత్రలు వేసుకోవాలి, మానకూడదు అని ఆ డాక్టరు చెప్పాడు. మా ఆయన తలూపాడు. బస్సు దిగగానే ఊళ్ళో ఒకాయన ఎదురొచ్చాడు.

"ఏటి బావా, ఇద్దరూ ఎటెల్లారు పొద్దున్నే?"

"దీనికి నరాల వీక్నెస్సు. డాట్రికి సూపించాను."

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ జబ్బుకి అదే పేరు. కూడు తిన్నాక మాత్ర నా చేతిలో పెట్టి, "ఇందా, నీ నరాలు" అనేవాడు మా ఆయన. నేను మరిచిపోతే, "ఏటే, నరాలు ఏసుకోనేదు? రేపు ఎవులి అరుగు అలుకుతావు మరి?" అని నవ్వేవాడు. నాకూ నవ్వు వచ్చేది. పేరు చిన్నదైతే జబ్బు కూడా చిన్నదైనట్టు ఉండేది. ఆ మాత్రలతో చాలా ఏళ్ళు నేను మనిషిలానే ఉన్నాను. ముసురు పట్టేది, పోయేది, కానీ మునిగిపోలేదు.

అమ్మాయి పెళ్ళిచూపుల రోజున మా వియ్యపురాలు నన్ను చూసి, "ఒదిన ఏటో మాత్ర మింగుతున్నాది?" అని అడిగింది. మా ఆయన తడుముకోకుండా "నరాలకి" అన్నాడు.

"ఓలమ్మా, నాకూ నరాలే ఒదినా. మోకాల్లు లాగేస్తాయి, మెట్లెక్కనేను" అందామె.

అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల చూశాను. పెళ్ళి కుదిరింది. అమ్మాయి కొత్తవలస కాపురానికి వెళ్ళింది. అల్లుడిది రైల్వేలో ఉద్యోగం, ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. మంచివాడు, మాట తక్కువ.

తరువాత మా ఆయన పోయాడు. గుండె. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు అడిగి, నేను తెచ్చేలోపల అయిపోయింది. ఆ ఏడాది నాకు పట్టిన ముసురుని ఎవరూ ముసురు అనుకోలేదు. మొగుడు పోయినదానికి అలాగే ఉంటుందిలే అన్నారు. నాకు మాత్రం తేడా తెలుసు. దుఃఖంలో ఆయన ఉండేవాడు, ఆయన మాట, ఆయన దగ్గు, ఆయన చుట్ట వాసన. ముసురులో ఎవరూ ఉండరు. నేను కూడా ఉండను. రెండూ ఒకేసారి వచ్చాయి, కాబట్టి ఎప్పుడు దేనికి ఏడుస్తున్నానో చెప్పినా వినేవాళ్ళు లేరు.

వణుకు ఆ తరువాత మొదలైంది. కుడిచెయ్యి. ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటే బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే ఒకదానిమీద ఒకటి దొర్లేవి, దీపానికి పత్తితో వత్తి చేస్తామే, అలాగ. మా తోడికోడలు చూసి నవ్వింది.

"ఏటప్పా, కార్తీకం ఇంకా రానేదు, ఇప్పట్నించే వత్తులు సేస్తన్నావా?"

ఊరంతా ఆ మాటే పట్టుకుంది. నేను అరుగు మీద కూర్చుంటే, "మాకూ నాలుగు వత్తులు సెయ్యప్పా" అనేవారు. చెడ్డ మాట కాదు, సరదా మాటే. కానీ రోజూ నవ్వాలంటే మూతి కదలాలి. నాకు ఆ మూతి కూడా కదలడం మానేసింది. ముఖం చెక్కలా అయిపోయింది. అడుగులు పొట్టివైపోయాయి. గడప దగ్గరకి వచ్చేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి. దాటాలని ఉంటుంది, కాలు లేవదు. వెనకాల ఎవరైనా ఉంటే, "ఎల్లవేటి, దారికడ్డంగా నిలబడిపోనావు" అని విసుక్కునేవారు.

డాక్టరుకి చూపించుకోమని ఎవరూ అనలేదు. ఎందుకంటారు? నాకు నరాల జబ్బు ఉందని ఊరందరికీ తెలుసు కదా. నరాల జబ్బున్న మనిషికి నరాలు వణుకుతున్నాయి, ఇందులో కొత్తేముంది? నేను కూడా అదే అనుకున్నాను. మేం పెట్టుకున్న పేరే నిజమైపోయిందనుకున్నాను. శ్రీకాకుళం డాక్టరు దగ్గరకి మా ఆయన పోయాక నేను వెళ్ళలేదు. పాత చీటీయే మందుల షాపులో చూపించి అవే మాత్రలు తెచ్చుకుని మింగుతూ వచ్చాను.

అన్నిటికంటే విసుగు పుట్టించిన సంగతి చెబుతాను. పొద్దున్నే మెలకువ వస్తుంది, లేవలేను. లేవలేకపోతున్నది ఒళ్ళు బిగుసుకుపోయా, మనసు చచ్చిపోయా? నాకే తెలియదు. అమ్మాయి వీడియోలో చూసి, "అమ్మా, మల్లీ ముసురేటి?" అంటుంది. "కాదే, బాగానే ఉన్నాను, మొకమే కదలట్లేదు" అంటాను. ఇంకో రోజు నిజంగానే ముసురు ఉంటుంది, "మొకమేలే" అనుకుని ఫోను పెట్టేస్తుంది. ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఒకరి చీర ఒకరు కట్టుకుని తిరిగితే దూరం నుంచి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? నా రెండు జబ్బులూ అలా తిరిగాయి.

చివరికి ముద్ద నోటికి వెళ్ళేలోపల సగం ఒళ్ళో రాలిపోవడం అమ్మాయి ఊరొచ్చినప్పుడు కళ్ళారా చూసింది. కొత్తవలస తీసుకుపోయింది. విశాఖపట్నంలో పెద్ద నరాల డాక్టరు ఉన్నాడు, ఆయనకి చూపిద్దామని అల్లుడే సెలవు పెట్టాడు. రైలెక్కేముందు అమ్మాయి నన్ను పక్కకి లాగింది.

"అమ్మా, డాట్రు అడిగితే పాత మాత్రలు నరాలకని సెప్పు. ఆ మాట మాత్రం ఎత్తకు. ఈయన పక్కనే ఉంతారు."

నేను సరే అన్నాను. ఆ డాక్టరు చిన్నవాడు, నెమ్మదైనవాడు. నా చేత పిడికిలి మూయించాడు, తెరిపించాడు, వరండాలో నడిపించాడు, వెనక నుంచి భుజం పట్టి లాగి చూశాడు. పార్కిన్సన్ అన్నాడు. ఇంతకుముందు ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు.

"నరాలకి ఏవో మాత్రలు సార్, సానా ఏల్ల నుంచి ఏసుకుంతన్నాది" అంది అమ్మాయి.

"బలానికి ఇచ్చే మాత్రలా? వాటికేం, వేసుకోవచ్చు" అన్నాడాయన.

మేం ముగ్గురం తలూపాం. నరాల డాక్టరు గదిలో కూర్చుని నరాల మాత్రలు అంటే ఆ మాట ఎంత చక్కగా అతికిపోయిందో! మా ఊళ్ళో ఎవరికి చెప్పినా ఇంకో రకంగా అర్థమయ్యేది. ఆయన చదువుకున్నవాడు కాబట్టి నరాలంటే నరాలే అనుకున్నాడు.

కొత్త మాత్రలు పనిచేశాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, దేవుడు చెయ్యి తిరిగి ఇచ్చినట్టే ఉంది. అన్నం కలుపుకున్నాను. జడ వేసుకున్నాను. గడప దాటాను. అమ్మాయి ఏడ్చింది, వియ్యపురాలు "మా కొత్తవలస నీల్లు పడ్డాయి ఒదినకి" అని అందరికీ చెప్పుకుంది. డాక్టరు కొంత కొంతగా మందు పెంచమన్నాడు, పెంచాం.

హుషారు ఆ సందులోంచి వచ్చింది. మొదట నిద్ర తగ్గింది. చెయ్యి బాగుపడ్డ సంతోషంలో నిద్ర ఎవరికి పడుతుందిలే అనుకున్నాం. తరువాత మాట పెరిగింది. ఒక పొద్దున్న అల్లుడు డ్యూటీకి వెళ్ళాక, వియ్యపురాలి పూజ గూట్లోంచి కుంకుమ భరిణి తీసుకుని వీధిలోకి బయలుదేరాను. ఇంటింటికీ వెళ్ళి, "సాయంత్రం మా అమ్మాయికి సీమంతం, అందరూ రావాలి" అని బొట్టు పెట్టి పిలిచాను. మొగుడు లేనిదాన్ని నేను, బొట్టు పెట్టి పేరంటానికి పిలవకూడదు. ఆ సంగతి గుర్తుంది, కానీ బరువనిపించలేదు. ఆ ఆడవాళ్ళకి ఏం చేయాలో తోచలేదు. కొందరు వెనక్కి జరిగారు. కొందరు మొహమాటానికి నుదురు చాపారు. అమ్మాయికి నెల తప్పనే లేదు, సీమంతం ఎక్కడిది?

సాయంత్రం పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. వియ్యపురాలు నైటీలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది.

"ఏటమ్మా, అందరూ ఒకేపాలి ఇలగొచ్చినారు?"

"సీమంతానికి పిలిచారు కదండీ."

"ఎవులికి సీమంతం?"

అమ్మాయి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నేను లోపలి నుంచి తలంటు పోసుకుని, మంచి చీర కట్టుకుని, "రండి, రండి" అంటూ వచ్చాను. నా ముఖం చూశాక ఎవరూ ఏమీ అడగలేదు. వియ్యపురాలు పీట మీంచి లేచింది. "కూకోండి. వచ్చినోల్లని ఉత్తినే పంపుతామేటి, ఉప్మా సేస్తాను" అంది. వాళ్ళందరూ పట్టుచీరల్లో వరసగా కూర్చుని ఉప్మా తిని వెళ్ళారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక, "ఒదినా, నువ్వెల్లి పడుకో" అంది నాతో. గట్టిగా అనలేదు. ఆ నెమ్మదికే నాకు భయం వేసింది.

అమ్మాయి మర్నాడే కొత్త మాత్రలు సగానికి తగ్గించేసింది, ఎవరినీ అడగకుండా. హుషారు కాస్త దిగింది. చెయ్యి మళ్ళీ వత్తులు చేయడం మొదలుపెట్టింది. గిన్నెలు తోముతూ అంది:

"మందు పడలేదని సెప్పి మానేద్దాం అమ్మా."

"మానేస్తే సెయ్యి?"

"నాను కలిపి పెడతాను."

"ఇక్కడ నువ్వు, అక్కడ నేను. ఎలా పెడతావే? డాట్రుతో ఉన్నది సెప్పేద్దాం. ఈ మాత్రలకీ ఆ మాత్రలకీ పడట్లేదేమో."

గిన్నె కింద పెట్టేసింది.

"నీకు తెల్దమ్మా. రేపు నాను ఒక్కపూట మూతి ముడిస్తే తల్లి బుద్ధి అంతారు. ఏడిస్తే పిచ్చి, నవ్వితే పిచ్చి. పిల్ల పుడితే ఆ పిల్లకీ అదే మాట. నువ్వు ఊరెల్లిపోతావు. ఇక్కడ పడాల్సింది నాను."

అది నిజమే. అందులో ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు. ఒకవైపు నా చెయ్యి, నా కాళ్ళు, నా కూడు. ఇంకోవైపు దాని కాపురంలో దాని మాటకి ఉండే విలువ. రెండూ నిలిచే దారి నాకు కనిపించలేదు. నేను చెప్పనులే అన్నాను.

చెప్పను అనే అనుకుని అమ్మాయితో, అల్లుడితో వెళ్ళాను. డాక్టరు, "మందు ఎలా ఉందమ్మా?" అన్నాడు. అమ్మాయి నోరు తెరిచింది. నేను ముందే అనేశాను.

"బాబూ, నా పాత మాత్రలు నరాలకి కాదు. పిచ్చికి."

నాకు తెలిసిన మాట అదొక్కటే. ఇంకో మంచి మాట ఉంటే అదే అనేదాన్ని. అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఆ మాట అన్నది నేనో, మిగిలిన హుషారో ఇప్పటికీ తెలియదు. హుషారులో నోరు ఆగదు. కానీ అన్నాక సిగ్గు వేయలేదు, అలసట వేసింది. మూట దింపుకున్నాక భుజం ఇంకా లాగుతుంది చూడండి, అలాంటి అలసట.

డాక్టరు కోప్పడలేదు. ఆ మాత్రలు ఏవో చెప్పమన్నాడు, సంచిలోంచి తీసి ఇచ్చాను. అట్ట తిప్పి చూసి, కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకున్నాడు. ఇందులో ఒకటి వణుకు పెంచుతుందమ్మా, నేనిచ్చింది మనసుని పైకి ఎత్తుతుంది, రెండూ ఒకదానికొకటి ఎదురు అన్నాడు. నా చేతిలో ఉన్న వణుకులో జబ్బుది ఎంత, ఆ మాత్రది ఎంత ఇప్పుడే చెప్పలేనన్నాడు. దేన్నీ మీ అంతట మీరు మానొద్దు, తగ్గించొద్దు, మీ పాత డాక్టరుతో నేనే మాట్లాడతాను అన్నాడు. "ఇది పిచ్చి కాదు, మనసు జబ్బు" అని కూడా అన్నాడు. మంచివాడు. ఆ తేడా మా వీధిలోకి వచ్చేసరికి ఎంత మిగులుతుందో ఆయనకి తెలియదు.

రైల్లో అల్లుడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మాయి నా పక్కన కూర్చోలేదు, ఎదురు సీట్లో కూర్చుంది. సింహాచలం దాటాక టీ అబ్బాయి వచ్చాడు. అల్లుడు సగం కప్పే పోయించి, నా రెండు చేతుల మధ్యా పెట్టి, వదలకుండా తాను కూడా పట్టుకున్నాడు.

"అత్తా, మాయమ్మకి నువ్వు సెప్పకు. నాను సెప్తాను."

"ఏటని సెప్తావు బాబూ?"

"ఉన్నదే."

చెప్పాడు. వియ్యపురాలు ముందు కూర్చుండిపోయింది, తరువాత లేచి నిలబడింది.

"నరాలన్నారు! పెళ్ళిసూపుల్లో నరాలన్నారు! నాకూ నరాలే అన్నాను నాను! ఇన్నేల్లూ మా ఒదినకీ నాకూ ఒకటే జబ్బని వీదంతా సెప్పుకు తిరిగినాను. జనాలు నా గురించి ఏటనుకుంటన్నారో ఇప్పుడు!"

నాకు నవ్వు వచ్చింది. చెక్క ముఖం కాబట్టి బయటకి రాలేదు, అదొక్కటే మేలు. అల్లుడు కూడా తల దించుకున్నాడు, నవ్వుకోవడానికేనని నా అనుమానం. కానీ ఆమెకి నవ్వు రాలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను బయలుదేరేటప్పుడు మాత్రం, "మాత్రలు మానకు ఒదినా, ఏ మాత్రలైనా" అని గుమ్మం లోపలి నుంచే అంది.

తరువాతిదంతా నెమ్మది. పాత మాత్ర మార్చి వేరేది ఇచ్చారు, ఆ మార్చడంలో ఒక పెద్ద ముసురు వచ్చింది. మా తోడికోడలు వచ్చి కూడు వండి పెట్టి పోయేది, వత్తుల మాట ఇక ఎత్తలేదు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు. శ్రీకాకుళం డాక్టరు నన్ను అడిగాడు, "అమ్మా, రెండూ పూర్తిగా తగ్గేలా చేయడం మా వల్ల కావడం లేదు. ఏది కాస్త ఎక్కువున్నా ఓర్చుకోగలవు?" అని. వణుకే అన్నాను. వణికితే ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుంటారు. ముసురులో ఏది పట్టుకోవాలో ఎవరికీ కనబడదు. అలా ఇప్పుడు కొంత వణుకు, కొంత నిద్ర. చెంచాతో తింటున్నాను. గడప దగ్గర ఇంకా ఆగుతాను.

అమ్మాయి చాలా రోజులు ఫోను చేయలేదు. చేసినప్పుడు కూడా అవసరమైన నాలుగు మాటలే. ఒకసారి కూరలో ఉప్పు రెండుసార్లు వేసిందట, వియ్యపురాలు "తల్లి బుద్ధులు" అనేసిందట. అది చెప్పి, "నీ సెయ్యి తెరుసుకుంది, నా నోరు మూసుకుంది" అంది. అది అనకూడని మాటేమీ కాదు.

మొన్న పొద్దున్నే చేసింది. మాత్రలు వేసుకున్నావా అని అడగలేదు.

"అమ్మా, నీకు మొదట్లో ఎలగుండేది?"

"దేనికడుగుతున్నావు?"

"ఈమద్దిన పొద్దున్న లేవబుద్ధవట్లేదు. కూరకి తాలింపు ఏసి, ఎందుకేసానో తెల్దు. ఉప్పు అందుకే రెండుసార్లు పడింది."

వణుకు చెయ్యి దాటి భుజానికి ఎక్కింది. నా జబ్బులు నాతో పోతాయనుకున్నాను నేను.

"అల్లుడికి సెప్పావా?"

"సెప్పాను. నీ డాట్రు దగ్గరికే ఎల్దాం, డూటీ మార్పించుకుంటానన్నారు."

"నరాల డాట్రు దగ్గరికి కాదు కదా?"

"కాదమ్మా. రెండో డాట్రు. శ్రీకాకులం."

"మీ అత్తకి?"

"ఇంకా నేదు. అరుస్తాది."

"అరుస్తాది. ఇరవై మాటలంటాది."

"పడాల్సింది నానే కదమ్మా."

"నువ్వే" అన్నాను. "నేను శ్రీకాకుళం బస్టాండుకి వస్తాను, అక్కడ కలుద్దాం."

"నువ్వు బస్సెక్కనేవు."

"ఎక్కిస్తారు ఎవరో. ఏ రోజో సెప్పు."